బొగ్గు దొర కుటుంబం.. మా కుటుంబం

"అమ్మమ్మా! నాకు మైనింగ్‌లో సీటొచ్చింది. కొత్తగూడెంలో!"

ఫోనులో మా మనవరాలి గొంతు వినగానే సంతోషించాలో భయపడాలో తెలియలేదు నాకు. వెనకనుంచి మా అమ్మాయి.. "నువ్వైనా చెప్పమ్మా దానికి. కంప్యూటర్స్ తీసుకోవే అంటే చెవిన పెట్టడంలేదు" అంటోంది. ఆ వెనక మా అల్లుడు.. "ఆడపిల్ల బాయి దిగుతుందా అత్తయ్యా? రేపు పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళకి ఏమని చెప్పుకోవాలి?"

పక్కనే పేపరు చదువుకుంటున్న మా వారి వైపు చూశాను. ఆయన బొగ్గు బావిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి ఓవర్‌మన్‌గా రిటైరయ్యారు. కనీసం ఆయనైనా మనవరాల్ని సమర్థిస్తారనుకున్నాను. పేపరు దించకుండానే "నన్నడక్కు. ఆ చీకటేదో నాతోనే పోనియ్" అన్నారు.

ఇక తేల్చాల్సింది నేనే అన్నమాట! "రెండ్రోజులు పిల్లని నా దగ్గరకి పంపండి" అని ఫోను పెట్టేశాను. ఏదైనా గట్టిగా ఆలోచించుకోవాలంటే నాకు మా ఊరే వెళ్ళాలనిపిస్తుంది. పిల్ల ఇల్లెందు రాగానే మర్నాడే దాన్ని వెంటబెట్టుకుని విజయవాడ, అవనిగడ్డ, కోడూరు మీదుగా పాలకాయతిప్ప బయల్దేరాను.

రాయి లేని ఊరు

పాలకాయతిప్ప చూసినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో గానీ, హంసలదీవి పేరు వినని వాళ్ళుండరు. కృష్ణమ్మ సముద్రంలో కలిసేది మా దగ్గరే. మాఘ పౌర్ణమికి వేణుగోపాలస్వామిని చూసుకుని సముద్ర స్నానం చేయడానికి జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు బస్సుల్లో, కార్లలో వస్తున్నారు. తిప్ప అంటే ఇసుక దిబ్బ. పేరుకు తగ్గట్టే మాది ఇసుకా, ఒండ్రుమట్టీ, మడచెట్లూ తప్ప మరేమీ లేని నేల. ఎంత లోతు తవ్వినా రాయి తగలదు. నా చిన్నతనంలో మా ఇంట్లో ఉన్న రాళ్ళు రెండే.. ఒకటి రుబ్బురోలు, రెండోది సన్నికల్లు. ఆ రెండూ కూడా అవనిగడ్డలో కొని బండిమీద వేసుకొచ్చినవే.

1977 నవంబరు 19. ఆ తేదీ చెబితే దివిసీమ వాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం వచ్చిన ఉప్పెనలో దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. నాకప్పుడు పన్నెండేళ్ళు. అవనిగడ్డలో పెద్దమ్మగారింట్లో ఉండి చదువుకుంటున్నాను. పాలకాయతిప్పలో ఉన్న అమ్మా, తమ్ముడూ పోయారు. నాన్న తాటిచెట్టు పట్టుకుని బతికాడు. నీళ్ళు తీశాక ఇల్లున్న చోట మాకు మిగిలింది రుబ్బురోలు ఒక్కటే. బరువుకి అది మాత్రం కదల్లేదు.

మా మేనమామ అప్పటికే ఇల్లెందులో బొగ్గు బావిలో పనిచేస్తున్నాడు. కబురు తెలిసి పరుగున వచ్చాడు. "పిల్లని నేను తీసుకెళ్తాను బావా. నువ్వూ వచ్చెయ్" అన్నాడు. నాన్న నన్ను పంపాడు గానీ తను రాలేదు. "సముద్రం ఇంత పని చేశాక ఇంకా దాని దగ్గరే ఉంటావా?" అని మామ కోప్పడితే, "లోపలికెళ్ళకపోతే అన్నం ఎక్కణ్ణుంచొస్తుంది?" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థంకాలేదు. నా మీదకంటే సముద్రం మీదే ప్రేమెక్కువేమోనని ఏడ్చాను కూడా.

బెజవాడలో రైలెక్కి డోర్నకల్‌లో దిగి ఇల్లెందు చేరాం. ఆ ఊరికి బొగ్గుట్ట అని ఇంకో పేరు. ఎటు చూసినా రాళ్ళే! అత్తయ్య పొయ్యి దగ్గర కూర్చుంటే అందులో నల్లటి రాళ్ళు ఎర్రగా మండుతున్నాయి. రాయే చూడని ఊరినుంచి వచ్చినదాన్ని, రాయి మండటం చూసి నోరు తెరిచాను. అత్తయ్య నవ్వి, "ఇవి రాళ్ళు కావే తల్లీ. మన అన్నం" అంది. నాన్న అన్న మాటే ఈవిడా అంటోందని ఆ రాత్రి అనిపించింది.

పొయ్యి పెట్టిందెవరు?

పెళ్ళయ్యాక మా అత్తగారి నోట ఇల్లెందు బొగ్గు కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పూర్వం భద్రాచలం రాముణ్ణి చూడ్డానికి నడిచి వెళ్ళే యాత్రికులు దారిలో అడవిలో ఆగి, మూడు రాళ్ళు పేర్చి వంట మొదలెట్టారట. కట్టెలతో పాటు పొయ్యి రాళ్ళు కూడా అంటుకున్నాయట! ఆ వింత ఈ నోటా ఆ నోటా సర్కారు దాకా పోయిందని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా అత్తగారు కథ అక్కడ ఆపి ఒక ప్రశ్న వేసేది. "పొయ్యి ముట్టిచ్చింది ఎవరు బిడ్డా? మొగోళ్ళు ముట్టిస్తరా? గా రాళ్ళు మండుడు ముందుగాల చూసింది ఆడిదే. పేరు మాత్రం దొరకు పోయింది."

ఆమె చెప్పిన ఆ దొర విలియం కింగ్. భారత భూగర్భ సర్వే శాఖలో పనిచేసేవాడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టినవాడు ఆయనే. ఇక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకి ఆయన పేరే పెట్టారు.. కింగ్ సీమ్ అని. గనుల్లో క్వీన్ సీమ్ అని మరో పొర కూడా ఉంది. రాజుకి రాణి జతగా ఉండాలి కదా మరి! మా వారు డ్యూటీనుంచి వచ్చి "ఇవాళ కింగ్‌లో పని" అంటే, మా అత్తగారు "రాణీ ఎట్లున్నదిరా?" అని నవ్వేది.

ఇల్లెందులో నేను టీచరుగా చేరాక, మా ఊరి పాఠం మా పిల్లలకి చెప్పాలి కదా అని ఈ కింగ్ దొర గురించి చదవడం మొదలుపెట్టాను. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, దొర వెనక దొర కుటుంబం బయటపడింది.

తండ్రి పుస్తకం, కొడుకు బొగ్గు

దొరగారి తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆయన 1809లో ఇంగ్లండులోని సండర్లాండ్‌లో పుట్టాడు. అది బొగ్గు ఓడల రేవు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న న్యూకాజిల్‌లో మ్యూజియం చూసుకునే ఉద్యోగం చేశాడు. 1849లో ఐర్లండులోని గాల్వేలో కొత్తగా కాలేజీ పెడితే అక్కడ భూగర్భ శాస్త్రం ప్రొఫెసరుగా వెళ్ళాడు. ఐర్లండు అప్పుడు మహా కరువులో ఉంది. బంగాళాదుంప పంటకి తెగులు పట్టి లక్షలమంది తిండిలేక పోయిన రోజులవి.

ఈ పెద్ద కింగ్‌ని ప్రపంచం రెండు పనులకి గుర్తుపెట్టుకుంది. మొదటిది, జర్మనీలో నియాండర్ అనే లోయలో 1856లో దొరికిన పాత పుర్రె సంగతి. అది ఏదో జబ్బుచేసిన మనిషిది అని కొందరు కొట్టిపారేశారు. "కాదు, ఇది మనలాంటి మనిషి కాదు. వేరే జాతి మనిషి" అని 1863లో సభలో చెప్పి, మర్నాటి ఏడు అచ్చువేసి, దానికి నియాండర్తల్ మానవుడని శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. మీ పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు చూసే ఉంటారు.

రెండోది మనకి ఇంకా దగ్గరిది. పెర్మియన్ యుగం అని పాతిక కోట్ల ఏళ్ళకి పైబడిన కాలం ఒకటుంది. ఆ కాలంలో బతికి రాయిగా మారిపోయిన ప్రాణుల మీద 1850లో ఆయన ఓ పెద్ద పుస్తకం రాశాడు. ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గు కూడా సరిగ్గా ఆ యుగం నాటిదే! తండ్రి గాల్వేలో ఏ కాలం గురించి రాశాడో, కొడుకు ఏడు సముద్రాలు దాటి వచ్చి ఆ కాలం నాటి బొగ్గునే మన అడవిలో పట్టుకున్నాడు. ఇది చదివిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

చిన్న కింగ్ తండ్రి దగ్గరే చదువుకుని 1857లో మనదేశం వచ్చాడు. ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు చెలరేగిన ఏడాది అది. ఆయన్ని మద్రాసు వైపు వేశారు. అప్పట్లో సర్వే వాళ్ళ జీవితం ఎలాంటిదంటే, వానలు తగ్గగానే గుడారాలూ, సామానూ బండ్లకెత్తుకుని అడవుల్లోకి వెళ్ళడం, ఎండలు ముదిరేదాకా తిరగడం, మళ్ళీ వానాకాలమంతా కూర్చుని చూసిందంతా పటాలుగా గీయడం. కడప, కర్నూలు రాళ్ళ గురించీ, నెల్లూరు, కృష్ణా జిల్లాల రాళ్ళ గురించీ, గోదావరి తీరం గురించీ ఆయన పెద్ద పెద్ద గ్రంథాలు రాశాడు. 1881లో వచ్చిన ప్రాణహిత-గోదావరి లోయ పుస్తకం నాటికి ఆయన హోదా మద్రాసు ప్రాంతపు డిప్యూటీ సూపరింటెండెంటు. గనిని నడిపిన సూపరింటెండెంట్లు తర్వాత వచ్చారు. గని తవ్వక ముందే నేలని చదివిన సూపరింటెండెంటు ఈయన.

ఇంకో చిత్రం చెప్పనా? 1863లో తండ్రి న్యూకాజిల్ సభలో పాతరాతి మనిషికి పేరు పెడుతుంటే, అదే ఏడాది కొడుకు మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో తోటి ఉద్యోగి బ్రూస్ ఫుట్‌తో కలిసి ఆదిమానవులు వాడిన రాతి పనిముట్లు ఏరుతున్నాడు. తండ్రి చూపు కొడుక్కి వచ్చిందంటే ఇదే కదా!

తండ్రి 1886లో కన్నుమూశాడు. ఇల్లెందు బొగ్గు తవ్వడానికి హైదరాబాదు డెక్కన్ కంపెనీ పుట్టింది కూడా ఆ ఏడే. 1887లో కొడుకు ఆ శాఖ మొత్తానికి డైరెక్టరయ్యాడు. 1889లో ఇల్లెందులో తవ్వకాలు మొదలయ్యాయి. 1894దాకా డైరెక్టరుగా ఉండి, 1900లో పోయాడు. తర్వాత 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం దాని వాటాలు కొనేసింది.

తట్ట మోసిన చేతులు

ఈ కథంతా పాలకాయతిప్ప ఇసుకలో కూర్చుని మనవరాలికి చెబుతుంటే, అది మధ్యలో ఆపి, "మరి మన కుటుంబం సంగతేంటి అమ్మమ్మా?" అంది.

మన కుటుంబం! మా అత్తగారి అత్తగారు బావి పైన తట్టలు మోసేది. తెల్లారుజామునే లేచి జొన్న గటక కాచి, చంటిదాన్ని పెద్దపిల్లకి అప్పజెప్పి పనికి వెళ్ళేదట. తట్టా, చెమ్మసూ.. చెమ్మసంటే పార.. ఈ రెండే ఆ రోజుల్లో కూలీ ఆస్తి. నెత్తిన గుడ్డ చుట్ట, దానిమీద బొగ్గు తట్ట. ముసలితనంలో కూడా ఆవిడ తల నడినెత్తిన జుట్టు మొలవలేదని మా అత్తగారు చెప్పేది. పొరకి రాజు పేరుంది, రాణి పేరుంది. తట్ట మోసినావిడ పేరు మాత్రం మా ఇంట్లో పిండాలు పెట్టేటప్పుడు తలుచుకుంటే తలుచుకున్నట్టు.

మనదేశంలో ఆడవాళ్ళు బొగ్గు బావుల్లోకి దిగి పనిచేయడం కొత్తేమీ కాదు. ఝరియా, రాణిగంజ్ వైపు మొగుడు తవ్వితే పెళ్ళాం తట్టకెత్తేది. బ్రిటిష్ ఇండియాలో 1929లో నిబంధనలు తెచ్చి ఆడవాళ్ళని భూగర్భంలోంచి కొంచెం కొంచెంగా తప్పించారు. 1937కల్లా పూర్తిగా ఆపేశారు. వాళ్ళ ఆరోగ్యం కోసం, పిల్లల కోసం అన్నారు. లోపలి పరిస్థితులు ఘోరంగా ఉన్నమాట నిజమే. కాదనను. కానీ 1943లో యుద్ధానికి బొగ్గు చాలకపోతే ఏం చేశారో తెలుసా? అదే ఆడవాళ్ళని మళ్ళీ లోపలికి రానిచ్చారు! యుద్ధం అయిపోయాక, 1946లో మళ్ళీ తలుపు మూశారు. అంటే అవసరం పడ్డప్పుడు మన ఆరోగ్యం బాగుందన్నమాట!

స్వతంత్రం వచ్చాక 1952 గనుల చట్టం 46వ సెక్షన్ కూడా ఆడవాళ్ళు భూమి లోపల పనిచేయకూడదనే చెప్పింది. అలా దశాబ్దాలు గడిచాయి. మా కాలనీల్లో "వారసత్వ ఉద్యోగం" అనే మాట ఒకటుండేది. ఆ మాటొస్తే అందరూ కొడుకు వైపు చూసేవాళ్ళు. కొడుకు లేకపోతే అల్లుడి వైపు. మా అమ్మాయి పదో తరగతిలో లెక్కల్లో స్కూలు ఫస్టొచ్చినప్పుడు మా వారి స్నేహితుడొకాయన, "మగపిల్లాడైతే నీ తర్వాత బాయి దిగేవాడు" అని జాలిపడ్డాడు. అది మా అమ్మాయి వింది. ఆ తర్వాత బొగ్గు పేరెత్తితే దానికి చిరాకు. ఇప్పుడు కూతురి మీద అంత కోపం ఎందుకొచ్చిందో అక్కడుంది కిటుకు.

2019లో కేంద్ర ప్రభుత్వం ఈ తలుపు మళ్ళీ తెరిచింది. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా, సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిమెంటు పనుల్లో ఆడవాళ్ళు భూగర్భంలోకి వెళ్ళొచ్చన్నారు. రాతపూర్వకంగా వాళ్ళ ఇష్టం తెలుసుకోవాలనీ, షిఫ్టులో కనీసం ముగ్గురు ఆడవాళ్ళుండాలనీ షరతులు పెట్టారు. 2021లో జార్ఖండ్ అమ్మాయి ఆకాంక్ష కుమారి కోల్ ఇండియా భూగర్భ గనిలో చేరిన తొలి మహిళా మైనింగ్ ఇంజనీరయింది. తెలంగాణ అమ్మాయి రసకట్ల సంధ్య భూగర్భ గనుల్లో మేనేజరుగా చేయడానికి కావలసిన సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ సంపాదించింది. ఈ పేర్లు నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. మా మనవరాలి ఫోనులో ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి.

నా భయం

"అయితే నువ్వు నా పార్టీయేనా అమ్మమ్మా?" అంది పిల్ల కళ్ళు పెద్దవి చేసి.

వెంటనే ఊఁ అనలేకపోయాను. నిజం చెప్పాలి కదా! ముప్ఫై నాలుగేళ్ళు బావిలోకి మనిషిని పంపి ఇంట్లో కూర్చున్నదాన్ని నేను. షిఫ్టు సైరన్ మోగే వేళకి కాకుండా మరే చప్పుడైనా వినబడితే కాలనీలో ఆడవాళ్ళందరం వాకిళ్ళలోకి వచ్చేవాళ్ళం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. సందు చివర సైకిళ్ళు కనబడ్డాకే పొయ్యి మీద ఎసరు సంగతి గుర్తొచ్చేది. దేవుడి దయవల్ల నా భయం ఏనాడూ నిజం కాలేదు. కానీ ఆ భయం అలాగే ఉండిపోయింది. నీళ్ళు అమ్మని తీసుకుపోయాయి. ఇక నేల ఎవర్ని తీసుకుపోతుందోనని నా మనసు ఎప్పుడూ లెక్కలేస్తూనే ఉండేది. ఇప్పుడు ఆ సైకిళ్ళ కోసం ఎదురుచూసినట్టు మనవరాలి కోసం చూడాలా? నావల్ల అవుతుందా?

ఇదంతా దానికి చెప్పేశాను. పిల్ల కాసేపు ఇసుకలో గీతలు గీస్తూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది. "తాతయ్యని పంపినప్పుడు కూడా భయమేసింది కదా అమ్మమ్మా. అయినా పంపావుగా. నన్నెందుకు ఆపుతావు?"

సమాధానం లేదు నా దగ్గర. ఎదురుగా పడవలు ఒడ్డుకొస్తున్నాయి. మా బాబాయి మనవడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, వల భుజాన వేసుకుని దిగాడు. ఈ సముద్రమే వాళ్ళ తాతల్ని మింగింది. వాణ్ణి వెళ్ళొద్దని ఈ ఊళ్ళో ఒక్కరూ అనలేదు. జాగ్రత్త అన్నారు, వాతావరణం చూసుకోమన్నారు, వెళ్ళిరమ్మన్నారు. నాన్న మాట గుర్తొచ్చింది. లోపలికెళ్ళకపోతే అన్నం ఎక్కణ్ణుంచొస్తుంది? ఆయన సముద్రాన్ని ప్రేమించి ఉండిపోలేదు. చేతిలో ఉన్న విద్యని వదులుకోలేక ఉండిపోయాడు. ఇన్నేళ్ళకి అర్థమైంది నాకు.

కింగ్ దొర ఇంట్లో తండ్రి విద్య కొడుక్కి వెళ్ళింది. మా నాన్న విద్య మా బాబాయి పిల్లలకి వెళ్ళింది. మరి మా వారి విద్య? పైకప్పు మీద కర్రతో కొట్టి చప్పుడుని బట్టి అది గట్టిగా ఉందో లేదో చెప్పగల చెవి, గాలి ఎటు ఆడుతోందో చెంపమీద తెలుసుకునే నేర్పు.. అదంతా ఎవరికెళ్ళాలి? దాన్ని అందుకుంటానని ఇంట్లో ఒక్క పిల్ల చెయ్యి చాపింది. ఆడపిల్ల చెయ్యి అని వెనక్కి నెట్టడమేనా?

ఆకు రాయి

తిరిగి ఇల్లెందు వచ్చాం. ఆ సాయంత్రం మా అమ్మాయినీ, అల్లుణ్ణీ కూడా రమ్మన్నాను. మా అల్లుడు మంచివాడే. "ప్రమాదం అత్తయ్యా" అన్నాడు. "ప్రమాదం గురించి మాట్లాడితే మాట్లాడుకుందాం బాబూ. హెల్మెట్ గురించి, గ్యాసు పరీక్ష గురించి, కప్పుకి పెట్టే సపోర్టు గురించి అడుగు. పిల్లే చెబుతుంది. పెళ్ళిచూపుల గురించైతే మాత్రం నేను మాట్లాడను" అన్నాను. పిల్ల నిజంగానే చెప్పింది. అరగంట చెప్పింది. కౌన్సెలింగుకి ముందే అన్నీ చదువుకుని పెట్టుకుందని అప్పుడు తెలిసింది మాకు.

మా అమ్మాయి మాత్రం మాట్లాడలేదు. చాలాసేపటికి, "నన్ను ఎవరూ ఇలా అడగలేదమ్మా" అంది. నాకు గుండె పట్టేసినట్టయింది. నిజమే. దాన్ని అడగలేదు. అప్పట్లో చట్టం లేదు అని సర్ది చెప్పుకోవచ్చు. కానీ నేను అడగనుకూడా లేదు. ఆ మాట దాని ముందే ఒప్పుకున్నాను.

మా వారు అప్పుడు లేచి లోపలికి వెళ్ళారు. కోపమొచ్చిందేమో అనుకున్నాం. దేవుడి గూట్లో పాతికేళ్ళుగా ఉన్న ఆకు రాయిని తెచ్చి మనవరాలి చేతిలో పెట్టారు. అది ఆయన ఒకప్పుడు బావిలోంచి తెచ్చిన పలక రాయి ముక్క. దాని మీద నాలుక ఆకారంలో ఆకు అచ్చు, సన్నటి ఈనెలతో సహా ఉంటుంది. గ్లోసాప్టెరిస్ అంటారట ఆ చెట్టుని. మన దేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ ఒకే ముక్కగా ఉన్న కాలంలో ఈ చెట్లు అడవులుగా పెరిగి, బురదలో మగ్గి మగ్గి బొగ్గయ్యాయి. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆ రాయికి కూడా పసుపు బొట్టు పెట్టేది. "మనకి అన్నం పెట్టిన ఆకు" అనేది.

పిల్ల ఆ ఆకు మీద వేలు పెట్టి ఈనె వెంబడి నడిపిస్తుంటే మా వారు గొంతు సవరించుకుని అడిగారు..

"నీ కాలి సైజెంతే?"

"ఎందుకు తాతయ్యా?"

"గని బూట్లు వదులుగా ఉంటే నడవలేవు. ముందే సరిగ్గా చూసుకోవాలి."

అంతే! ఇంకేమీ అనలేదాయన. మళ్ళీ పేపరు పట్టుకుని కూర్చున్నారు. కానీ ఆ పేపరు తలకిందులుగా ఉందని మా అల్లుడు నాకు సైగ చేశాడు.

పిల్ల ఇప్పుడు కొత్తగూడెం హాస్టల్లో ఉంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి క్లాసులో చెప్పినవి తాతయ్యకి అప్పజెబుతుంది. ఆయన తప్పులు దిద్దుతారు. ఈ మధ్య అదే ఆయన తప్పులు దిద్దడం మొదలెట్టింది! భయం పోయిందా అని మీరు నన్నడగొచ్చు. పోలేదు. ఎక్కడికీ పోదు కూడా. సైరన్ మోగితే వాకిట్లోకి వచ్చే అలవాటు ఇంకా అలాగే ఉంది నాకు. కాకపోతే ఈసారి నాతోపాటు వాకిట్లో మా వారు కూడా నిలబడతారు. ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలి కదా!